ఆకు గుర్తు, నీళ్ళ కొలత, మంట సెగ: ఇంటి మందులు సరిగ్గా చేసుకునే పద్ధతి

వినాయక చవితి ముందు రోజు తిరుపతి గాంధీ రోడ్డు మీద గుట్టలు పోసి అమ్మే పత్రిని ఇంటికి తెచ్చాక, పూజ పళ్ళెంలో పెట్టే ముందు ఒకసారి చాప మీద పరిచి చూడండి. ఉత్తరేణి, వావిలి, తులసి, గరిక, మారేడు, మద్ది ఉంటాయి. ఇవి మన అవ్వలు మందుకు వాడినవి. వాటి పక్కనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. ఉమ్మెత్త గింజ మతి తప్పిస్తుంది. గన్నేరు గుండె కొట్టుకునే తీరునే మార్చేస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఇరవై ఒక్క రకాల ఆకుల్లో మందూ విషమూ ఒకే కట్టలో ఉంటాయి. కాణిపాకం వినాయకుడి ముందు రెండూ ఒకటే, మన కడుపుకు మాత్రం ఒకటి కాదు.

ఇంటి వైద్యం గురించి ఎవరు అడిగినా నేను ముందు ఈ కట్ట విప్పి చూడమంటాను. ఏ జబ్బుకు ఏ ఆకు అన్న చిట్కాలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ దొరుకుతాయి. ఆ ఆకును ఎలా గుర్తుపట్టాలి, ఎంత నీళ్ళలో ఎంత మంట మీద కాచాలి, ఎన్నాళ్ళకు ఆపాలి అన్నవే దొరకవు. మందు పనిచేయడం, చేయకపోవడం, కీడు చేయడం అన్నీ తేలేది అక్కడే.

మొదటి పని: ఆకును గుర్తుపట్టడం

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. వామాకు కావాలని అడిగితే తెచ్చిచ్చేది కాదు. నాలుగు రకాల ఆకులు చేతిలో పెట్టి, నలిపి వాసన చూసి ఏది వామాకో చెప్పమనేది. చెప్పలేని పిలకాయలకు మందు తాగే పనే గానీ మందు చేసే పని ఇచ్చేది కాదు. ఆమె నేర్పిన గుర్తుల్లో బాగా అక్కరకొచ్చేవి ఇవి.

గుంటగలగర వరిమడి గట్ల మీదా కాలవ పక్కనా తేమ నేలలో పెరుగుతుంది. పూలు చిన్నవి, తెల్లవి. ఆకు నలిపి అరచేతికి రుద్దితే పసరు కాసేపటికి నలుపు తిరుగుతుంది. ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. తోటల్లో నేల మీద అల్లుకునే పసుపు పూల మొక్కను చూపించి ఇదే గలగర అంటే నమ్మకండి, అది వేరే మొక్క.

నేల ఉసిరిని పైనుంచి చూస్తే చింత మొలకలా ఉంటుంది. రెమ్మను వెనక్కి తిప్పండి. ఆకుల అడుగున వరసగా ఆవగింజలంత పచ్చని కాయలు కనబడాలి. ఈ జాతి మొక్కలు నాలుగైదు ఒకే పోలికలో ఉంటాయి. కాడ ఎర్రగా ఉన్నదాన్ని పక్కన పెట్టండి.

వావిలికి ఒక్కో కాడకు మూడో ఐదో ఆకులు వేళ్ళలా చీలి ఉంటాయి. పైన ముదురు పచ్చ, అడుగున బూడిద తెలుపు. నలిపితే ముక్కుకు గట్టిగా తగిలే వాసన వస్తుంది. నేలవేముది పలకలుగా ఉండే సన్నని కాడ. తెల్లని చిన్న పూల మీద ఊదా మచ్చ ఉంటుంది. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే ఆ చేదు చాలాసేపు వదలదు. అయితే నోట్లో పెట్టి పరీక్షించే పని, మిగతా గుర్తులన్నీ సరిపోయాకే.

తిప్పతీగ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. అసలు తీగకు ఆకు గుండె ఆకారంలో నున్నగా ఉంటుంది. కాండం మీద పలచటి కాగితం లాంటి పొర గోటితో గీకితే ఊడి, కింద పచ్చగా కనబడుతుంది. తీగ నుంచి దారాల్లాంటి ఊడలు వేలాడతాయి. కాండం నిండా బుడిపెలు దగ్గర దగ్గరగా ఉంటే అది తిప్పతీగకు చుట్టమే గానీ తిప్పతీగ కాదు. కోవిడ్ కాలంలో ఊరూవాడా తిప్పతీగ కషాయం తాగింది. 2021లో ముంబయి వైద్యులు అలా తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. తప్పు తీగ కలిసి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఆ వాదులాట ఎటు తేలినా మనం పట్టుకోవలసింది ఒకటి ఉంది: కాలేయం జబ్బు ఉన్నవాళ్ళూ, ఒంటి రక్షణ శక్తి ఒంటినే దెబ్బతీసే కీళ్ళవాతం, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి జబ్బులు ఉన్నవాళ్ళూ తిప్పతీగ జోలికి పోకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా నెలల తరబడి తాగవద్దు.

ఒక పద్ధతి అలవాటు చేసుకోండి. కొత్త మొక్క ఏదైనా ఆకు, పూవు, కాయ, కాడ, వాసన అని అయిదూ చూడనిదే లోపలికి తీసుకోవద్దు. పూత లేని కాలంలో అనుమానం వస్తే పూత వచ్చేదాకా ఆగండి. లేదా రెమ్మ పట్టుకుని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆస్పత్రికి వెళ్ళండి. 1983లో టీటీడీ పెట్టిన ఆ కళాశాలలో ద్రవ్యగుణం చదివినవాళ్ళు ఉంటారు. మొక్కల్ని గుర్తుపట్టడం వాళ్ళ చదువులో భాగం.

ఎక్కడ తెచ్చుకోవాలి

శేషాచలం కొండలు మూలికల గని అన్న మాట నిజమే. అందుకనే అక్కడ నుంచి తెంపుకు రాకూడదు. 1989లో జాతీయ ఉద్యానంగా, 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన అడవి అది. తలకోనకు పోయినప్పుడు చూసి గుర్తులు నేర్చుకోండి, ఫొటో తీసుకోండి, అంతే. వేరు తవ్వితే మొక్క ఆ చోట మళ్ళీ రాదు. ఎర్రచందనం సంగతి చెప్పనక్కరలేదు. చెక్క అరగదీసి వాపుల మీద పట్టు వేసే అలవాటు ఉన్న ఇళ్ళు మన వైపు ఇంకా ఉన్నాయి. పాతకాలం బొమ్మ ఇంట్లో ఉంటే దాన్నే సాన మీద అరగదీసుకోండి. కొత్త చెక్క కోసం మాత్రం ఎవరినీ అడగవద్దు.

మిద్దె మీద పది కుండీలు చాలు. తులసి, వామాకు, కలబంద, సరస్వతి ఆకు, నేలవేము, గుంటగలగర సులభంగా వస్తాయి. మన ఎండలకు సరస్వతి ఆకు, గలగర కుండీలకు నీడ వల కట్టి, పొద్దున సాయంత్రం రెండు పూటలా నీళ్ళు పోయండి. వావిలికి పెరట్లో మూల కావాలి, అది పొదలా పెరుగుతుంది.

పొలం గట్ల మీద కోసుకునేవాళ్ళు ఆ రైతును ఒక మాట అడగండి: "అన్నా, ఈ గట్టుకు గడ్డిమందు కొట్టి ఎన్నాళ్ళయింది?" ఈ కాలంలో ఇది అడగకుండా గట్టు మీద ఆకు కోయడం ప్రమాదం. రోడ్డు పక్కనా, మురుగు కాలవ పక్కనా పెరిగినదాన్ని తాకవద్దు.

నాటుమందుల అంగడిలో కొనేటప్పుడు పొడి కొనకండి. శొంఠి కొమ్ముగా, కరక్కాయ కాయగా, పసుపు కొమ్ముగా, నేలవేము ఎండు కాడలతో సహా కొనండి. ముక్క కళ్ళకు కనబడుతుంది, పొడిలో ఏం కలిసిందో కనబడదు. ఒకసారి ఒక అంగడిలో త్రిఫల చూర్ణం కొని ఇంటికొచ్చి మూత తీస్తే బూజు వాసన వచ్చింది. అప్పటి నుంచి కరక్కాయ, తానికాయ, ఉసిరిక కాయలే తెచ్చి, గింజ తీసి దంచుకుంటున్నాం. పసుపు విషయంలో ఇది మరీ ముఖ్యం. మెరుపు కోసం సీసం ఉన్న రంగు కలిపిన పసుపు ఈ దేశంలో పట్టుబడుతూనే ఉంది.

ఆరబెట్టడం

ఆకును ఎండలో పెట్టకూడదు. మన మే నెల ఎండలో మిద్దె మీద ఒక్క పూట పెట్టిన తులసి సాయంత్రానికి గడ్డిపోచ అవుతుంది. వాసన అంతా గాలికి పోతుంది, మందులో పస ఆ వాసనలోనే ఉంది. గాలి ఆడే వసారాలో, నీడలో, నూలు గుడ్డ మీద పలచగా పరచండి. రోజుకు రెండుసార్లు తిరగవేయండి. వేళ్ళ మధ్య నలిపితే పొడి అయి, కాడ విరిస్తే చిటుక్కుమంటే ఆరినట్టు. వేర్లు, బెరడ్లు, కాయలు లేత ఎండను తట్టుకుంటాయి.

ఐప్పసి వానల్లో, అంటే మన వైపు గట్టి వానలు పడే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో, ఆరబెట్టే పని పెట్టుకోకండి. పైకి ఎండినట్టు కనబడి లోపల బూజు పడుతుంది.

గాజు సీసాలో పెట్టి మూడు మాటలు రాసి అతికించండి: మొక్క పేరు, తెచ్చిన చోటు, తేదీ. దంచిన చూర్ణానికి రెండు నెలలు దాటితే సత్తువ తగ్గుతుందని పాతకాలపు లెక్క. దంచని ఆకు, వేరు అంతకన్నా ఎక్కువ కాలం ఆగుతాయి. కాబట్టి దంచడం ఎప్పుడూ కొంచెం కొంచెమే.

మందు చేసే ఐదు తీర్లు

ఆయుర్వేదంలో మూల పద్ధతులు ఐదు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. పేర్లు పెద్దవిగా ఉన్నాయి గానీ మన వంటింట్లో అన్నీ ఉన్నవే. పసరు, నూరిన ముద్ద, కాచిన కషాయం, రాత్రి నానబెట్టి పొద్దున వడగట్టిన నీళ్ళు, మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి వంచింది. ఏ వస్తువుకు ఏ తీరు అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

పసరు అంటే పచ్చి ఆకును కడిగి, దంచి, గుడ్డలో పిండింది. ఐదింటిలోకీ ఇదే ఘాటైనది. అందుకే మోతాదు చెంచాల్లోనే ఉండాలి. చేసిన గంటలోపే వాడాలి. ముద్ద ఎక్కువగా పైపూతకు.

కషాయం దగ్గరే అందరూ తప్పు చేస్తారు. గుప్పెడు ఆకు గిన్నెలో వేసి, కుళాయి కింద పట్టి, పొయ్యి మీద పెట్టి వదిలేస్తారు. కొలత ఇలా పెట్టుకోండి. మెత్తటి ఆకులకు నాలుగింతల నీళ్ళు, కాడలూ ఎండు మొక్కలకు ఎనిమిదింతలు, వేరు, బెరడు, గట్టి కాయలకు పదహారింతలు. నీళ్ళు నాలుగో వంతుకు దిగేదాకా కాచాలి. ఉదాహరణకు 10 గ్రాముల ఎండు కరక్కాయ పెచ్చుకు 160 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 40 మిల్లీలీటర్లు మిగలాలి. మెత్తటి పొడి చేయకండి, కచ్చాపచ్చాగా దంచండి. పొడి అడుగంటుతుంది, వడగట్టినా గొంతులో గరగర వదలదు. మంట సన్నగా ఉండాలి, గిన్నెకు మూత పెట్టకూడదు. మట్టి పాత్ర మంచిది, స్టీలు ఫరవాలేదు. అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు. కరక్కాయ, ఉసిరిక లాంటి వగరు, పులుపు వస్తువులు వాటితో కలిసి చెడతాయి. నాలుగో వంతు ఎక్కడికి వచ్చిందో కంటితో అంచనా కట్టలేరు. ముందే 40 మిల్లీలీటర్ల నీళ్ళు గిన్నెలో పోసి, ఒక పుల్ల ముంచి, తడిసిన చోట గీత పెట్టుకోండి. మా అవ్వ ఈనెపుల్లను ఇలాగే విరిచి పెట్టుకునేది.

కాచిన కషాయం ఆ రోజుదే. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తాగేది కాదు.

వాసన ఉన్నవాటికి, అంటే తులసి, వామాకు, పుదీనా, యాలకులకు, కషాయం పనికిరాదు. మూత తీసి మరిగించిన తులసి నుంచి మీ ఇంటికి మంచి వాసన వస్తుంది గానీ లోటాలో ఏమీ మిగలదు. వాటికి ఫాంటమే సరి. మరిగే నీళ్ళు దించి, ఆకు వేసి, మూత పెట్టి పది నిమిషాలు ఆగి వడగట్టండి. ధనియాలు, వట్టివేరు, సుగంధిపాల లాంటి చలవ వస్తువులకు హిమం. వాటికి ఆరింతల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి పొద్దున నలిపి వడగట్టాలి.

పడిశానికి

తిరుమలలో చలికి తడిసి వచ్చినా, మార్గశిరంలో మంచు పట్టినా మా ఇంట్లో చేసేది ఇదే. ఐదు మిరియాలు, బొటనవేలి కణుపంత అల్లం కచ్చాపచ్చాగా దంచి ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో వేసి, గ్లాసు అయ్యేదాకా కాయండి. దించాక పది తులసి ఆకులు తుంచి వేసి మూత పెట్టండి. పది నిమిషాలకు వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక కావాలంటే చెంచా తేనె. ఇది ఇద్దరికి ఒక పూట సరిపోతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపేగుల్లో విషం పుట్టిస్తాయి. నాలుక మీద రాయడం కూడా వద్దు.

ముక్కు దిబ్బడకు వావిలాకు ఆవిరి. రెండు గుప్పెళ్ళ ఆకు మరిగే నీళ్ళలో వేసి, పొయ్యి మీద నుంచి దించి, కదలని బల్ల మీద పెట్టి, దుప్పటి కప్పుకుని ఐదు నిమిషాలు. ముఖానికీ గిన్నెకూ మూరెడు దూరం ఉండాలి. పిలకాయలకు ఇది పెట్టకండి. ఆవిరి గిన్నె తిరగబడి కాలిన తొడలు చూసినవాళ్ళు రెండోసారి ఆ పని చేయరు. వాళ్ళకు వావిలాకు కాచిన గోరువెచ్చని నీళ్ళతో స్నానం చాలు. బాలింతలకు మన పల్లెల్లో పోసేదీ అదే. ఒళ్ళు నొప్పులకు హాయిగా ఉంటుంది.

జొరం మూడు రోజులు దాటినా, ఊపిరి అందకపోయినా కషాయం పక్కన పెట్టి రక్తపరీక్షకు వెళ్ళండి. డెంగీ జొరానికి నేలవేము కషాయం తమిళనాడులో ప్రభుత్వమే పంచింది, సరిహద్దు దాటి మన చిత్తూరు వైపూ ఆ అలవాటు వచ్చింది. తాగేవాళ్ళు తాగవచ్చు గానీ ప్లేట్‌లెట్ల లెక్క చూసేది కషాయం కాదు. గర్భిణులు నేలవేము తాగకూడదు.

బెణుకుకు పసుపు, సున్నం

చెంచా పసుపుకు శనగగింజంత తడి సున్నం. అంతకు మించితే చర్మం కాలుతుంది. కొంచెం నీళ్ళతో కలిపితే ఎర్రబడుతుంది. పసుపులోని రంగు, సున్నంలోని క్షారం కలిస్తే వచ్చే మార్పు అది, కుంకుమ చేసేదీ ఇదే సూత్రంతో. గరిటెలో వెచ్చచేసి, మోచేతి మీద వేడి చూసుకుని, వాపు మీద పలచగా పూసి నూలుగుడ్డ చుట్టండి. పుండు మీదా, చీలిన చర్మం మీదా వేయకండి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే, అంటే కాలు మోపలేకపోతున్నా, వంకర కనబడుతున్నా, పట్టు వేసి ఆగిపోకండి.

ఎముక అనగానే మన జిల్లావాళ్ళకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే ఆ విద్య తరాల నాటిది. ఏ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళయినా పేరు చెబుతారు. వెళ్ళేవాళ్ళకు నా మాట ఒకటే: ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, వేళ్ళు చల్లబడి తిమ్మిరి ఎక్కినా అది కట్టుకు పోయే గాయం కాదు, నేరుగా ఆస్పత్రికే.

గుంటగలగర తైలం

తైలం కాచడం ఓపిక పని. పాత లెక్కలో ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, పసరు పదహారు పాళ్ళు. ఇంటికి 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, 400 మిల్లీలీటర్ల గలగర పసరు, 25 గ్రాముల ఆకు ముద్ద. ఆకు దంచేటప్పుడు కొంచెం నీళ్ళు చిలకరించుకోవచ్చు. కొబ్బరి నూనె వాడినా తప్పులేదు.

ఇనుప మూకుట్లో మూడూ కలిపి సన్నని సెగ మీద పెట్టండి. నీళ్ళు ఉన్నంతసేపు చిటపటలాడుతుంది. అడుగు పట్టకుండా కలుపుతూనే ఉండాలి. చాలాసేపటికి చిటపట తగ్గి ముద్ద గట్టిపడుతుంది. అప్పుడు కొంచెం ముద్ద తీసి వేళ్ళ మధ్య నులమండి. వత్తిలా సాగాలి. ఆ వత్తిని మంటలో పెడితే చప్పుడు లేకుండా కాలాలి. చిటపటమంటే నీళ్ళు ఇంకా ఉన్నట్టు, ఆ నూనె వారానికే మక్కు వాసన వేస్తుంది. నూనె మీద నురగ పైకి రావడం కూడా పాకం వచ్చిన గుర్తే. ఆ క్షణంలోనే దించండి. ఇంకాస్త ఉంచితే ముద్ద మాడి నూనె పాడవుతుంది. నేను మొదటిసారి కాచినప్పుడు ఫోను మోగితే లోపలికి వెళ్ళి వచ్చేలోగా ముద్ద బొగ్గయింది, నాలుగు గంటల పని పోయింది.

వెచ్చగా ఉన్నప్పుడే గుడ్డలో వడగట్టి, తడి లేని గాజుసీసాలో పోయండి. తలకు వారానికి రెండుసార్లు. తల చల్లబడి నిద్ర పడుతుందని తరాలుగా వాడుతున్నారు, నాకూ అదే అనుభవం. బట్టతల మీద జుట్టు మొలిపిస్తుందని మాత్రం నేను చెప్పను.

నన్నారి

చివరికి పిలకాయలకు ఇష్టమైనది. తిరుపతి ఎండలో నన్నారి తాగని గొంతు ఉండదు. సోడా బండ్ల మీద దొరికేది చాలావరకు రంగు, ఎసెన్సు. ఇంట్లో చేసుకున్నదానికీ దానికీ పోలికే లేదు.

అసలు నన్నారి చేసేది సుగంధిపాల వేరుతో. అది సన్నని తీగ, వేరు పెన్సిలంత లావు కూడా ఉండదు. అంగళ్ళలో నన్నారి పేరుతో అమ్మే వేలంత లావు గడ్డ వేర్లు మారేడు గడ్డలు. బిల్వ చెట్టు మారేడుకూ వీటికీ సంబంధం లేదు, పేరొకటే. రెండింటికీ ఆ వనిల్లా లాంటి వాసన ఉంటుంది, రెండూ షర్బత్తుకు వాడతారు. మారేడు గడ్డను వేళ్ళతో సహా పెకలిస్తారు గనుక అడవిలో తరిగిపోతోంది. సుగంధిపాల దొరికితే అదే తీసుకోండి.

100 గ్రాముల వేరును మట్టి పోయేదాకా నాలుగు నీళ్ళలో కడిగి, రోట్లో చితగ్గొట్టి, లోపలి తెల్లటి నార తీసేయండి. వాసన అంతా పైబెరడులోనే ఉంటుంది. లీటరు వేడినీళ్ళలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున సన్నని సెగ మీద పొగలు వచ్చేదాకా వెచ్చచేసి దించండి. తెర్లనిస్తే వాసన పోతుంది. వడగట్టి, వేరే గిన్నెలో కిలో చక్కెర లేదా బెల్లంతో తీగపాకం పట్టి, ఆ పాకం చల్లారాక ఈ నీళ్ళు కలపండి. బెల్లంతో రంగు బాగా వస్తుంది, చక్కెరతో వేరు వాసన స్పష్టంగా తెలుస్తుంది. నేను చక్కెరకే ఓటు వేస్తాను. గ్లాసుకు మూడు చెంచాలు, అర నిమ్మకాయ, చల్లటి కుండ నీళ్ళు. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు పాకం మాని, నానబెట్టిన నీళ్ళనే నిమ్మకాయతో తాగండి.

మోతాదు, ఇతర మందులతో పొత్తు

ఒకసారికి ఒకే మూలిక మొదలుపెట్టండి. ఐదు కలిపి తాగి దద్దురు లేస్తే దేనివల్లో ఎలా తెలుస్తుంది? మొదటిరోజు సగం మోతాదు. పెద్దవాళ్ళకు నాలుగో వంతుకు కాచిన కషాయం పూటకు 40 మిల్లీలీటర్లు దాటక్కరలేదు. చిన్న జబ్బుకు మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ వారం. దానికి తగ్గకపోతే మూలిక మార్చడం కాదు, వైద్యుణ్ణి చూడాలి.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు నేలవేము, తిప్పతీగ, మెంతులు ఎక్కువగా తీసుకుంటే చక్కెర అవసరానికి మించి పడిపోతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు పసుపు, తెల్లగడ్డ, అల్లం మందు మోతాదులో తీసుకోకూడదు, కూరలో వేసుకునేది వేరే సంగతి. దగ్గుకు నమిలే అతిమధురం రక్తపోటు పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. బీపీ ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. ఆపరేషను ఉందంటే రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపి, ఏమేం వాడారో డాక్టరుకు చెప్పండి. దాచడం వల్ల నష్టపోయేది మీరే. భస్మాలు, సిందూరాలు ఇంట్లో చేసేవి కావు, ఎవరో పొట్లం కట్టి ఇస్తే మింగేవీ కావు.

తాకకూడని చోట్లు

తిరుమల స్వామి గడ్డం మీద పచ్చకర్పూరం చూశారు కదా. స్వామి భక్తుడు అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి నెత్తురు కారితే, బాధ తీరడానికి కర్పూరం అద్దారని చెప్పుకుంటారు. ఆ గునపం మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. కర్పూరం నొప్పి లాగుతుందన్న ఎరుక అంత పాతది. కానీ పూజకు కొనే హారతి కర్పూరం బిళ్ళ తెల్లగా మిఠాయిలా ఉంటుంది. పిలకాయలు నోట్లో వేసుకుంటే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. పసిబిడ్డ ముక్కుకు, రొమ్ముకు కర్పూరం నూనె రాయడం మానేయండి. హారతి డబ్బా ఎత్తులో పెట్టండి.

పసివాళ్ళకు వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పోయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా ఆపవలసినవే. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కుప్పింటాకు పసరు గజ్జికి ఉప్పుతో నూరి పైన రాయడం వరకే. లోపలికి పోస్తే, ఒంట్లో పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉన్నవాళ్ళకు ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు.

కామెర్లకు పసరు మందు మన వైపు పల్లెల్లో పెద్ద నమ్మకం. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. నేల ఉసిరి హెపటైటిస్-బిని వదిలిస్తుందని 1988లో మద్రాసు పరిశోధకులు ఆశ రేపారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. కాబట్టి కళ్ళు పచ్చబడితే మొదట కాలేయ పరీక్ష. పత్యం, మజ్జిగ, విశ్రాంతి మాటకు నేనూ అడ్డు చెప్పను. కంటి మీద పసరు గీయడం, చేతి మీద వాత పెట్టడం దగ్గరికి మాత్రం పోనివ్వను.

పాము కరిస్తే ఆకు వెతకకండి. చెనక్కాయ చేలల్లో తిరిగే కట్లపాము, రక్తపింజరి విషానికి మందు ఆస్పత్రిలోని సూది ఒక్కటే. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోను చేయండి. కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు టీకా వేయించండి. గాయానికి ఏ పసరూ పూయవద్దు.

ఇంటి మందు ఏది వాడి ఒంట్లో తేడా చేసినా, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసానూ, మిగిలిన ఆకునూ సంచిలో వేసుకుని పోండి. మీరు అతికించిన చీటీలో పేరు, చోటు, తేదీ ఉంటాయి. ఎంత తాగారో, ఎప్పుడు తాగారో దాని మీదే రాసి డాక్టరు చేతికివ్వండి.